ఆంధ్రా ప్యారిస్‌లో ఒక ఫ్రెంచి ‘ఆనందం’

తెనాలిని ‘ఆంధ్రా ప్యారిస్’ అని మొట్టమొదట పిలిచినవారెవరో గాని, ఆ పేరు ఊరికి అతుక్కునిపోయింది. ఊరి నడుమ పారే మూడు కాలువలను చూచి అన్నారని కొందరు, నటులను, కవులను, నాటక సమాజాలను పోషించిన ఈ ఊరి రసికతను చూచి అన్నారని మరికొందరు చెబుతారు. అసలు ప్యారిస్‌ను నేను చూచి ఎరుగను. తెనాలిలో మాత్రం నలభై ఏండ్లుగా కాపురం ఉంటున్నాను. కనుక, ప్యారిస్ పొలిమేరలలో నడిచే ఒక కాపురం కథను తెనాలిలో మా ఇంటి వసారాలో కూర్చుండి చూడవలసివచ్చినప్పుడు, ఎంతైనా పేరు కలిసిన ఊరు గదా అన్న చనువుతోనే చూడసాగాను. చిత్రం ముగిసే వేళకు ఆ చనువు మిగలలేదు. మెచ్చుకొందామంటే మనసొప్పదు, తిట్టుదామంటే నోరు రాదు. ఈ ఇరకాటం నుండి బయటపడడానికి నేను బాపట్లకూ, అక్కడి నుండి రేపల్లెకూ పోవలసివచ్చింది. ఆ సంగతి పాఠకులకు విన్నవించుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

చిత్రం పేరు ‘లె బొనర్’. ఆనందం అని అర్థం. 1965లో వెలువడినది. దర్శకురాలు ఆన్యెస్ వార్దా. 1928లో బెల్జియంలో పుట్టి, ఛాయాచిత్రకారిణిగా జీవితం ఆరంభించి, ఫ్రెంచి చలనచిత్ర రంగంలో దర్శకులంటే పురుషులే అనుకొనే రోజులలో తన పేరును నిలుపుకొన్న ప్రతిభావంతురాలు. 2019లో కన్నుమూసినది. ఈ చిత్రానికి ఫ్రాన్సులో లూయీ దెల్యూక్ బహుమతి, బెర్లిన్ చిత్రోత్సవంలో వెండి ఎలుగుబంటి బహుమతి లభించినవి. ఆనాడు ఇటువంటి చిత్రం తెనాలి దాకా నడిచివచ్చే దారి లేదు. ఈనాడు మా అబ్బాయి కొనిపెట్టిన కంప్యూటరు తెరమీద, అడుగున కదలిపోయే ఆంగ్లాక్షరాల సాయంతో, మజ్జిగ తాగుతూ చూడగలిగాను.

కథ చాలా చిన్నది. ఫ్రాన్స్వా అనే యువకుడు వడ్రంగి పని చేస్తాడు. భార్య తెరేజ్ ఇంటివద్ద కుట్టుపని చేస్తుంది. ఇద్దరు పసిబిడ్డలు. సెలవు దినాన నలుగురూ అడవికి వనభోజనానికి పోతారు. తగవు లేదు, అప్పు లేదు, అత్తగారి పోరు లేదు. ఇట్లుండగా అతనికి తపాలా కార్యాలయంలో పనిచేసే ఎమిలీ పరిచయమవుతుంది. ప్రేమ కలుగుతుంది. అయితే భార్యమీద అతనికి ప్రేమ తగ్గదు. ఆనందానికి ఆనందం కూడితే ఎక్కువే అవుతుంది గాని తక్కువ కాదు గదా అన్నది అతని లెక్క. ఆ లెక్కను ఒకనాడు వనభోజనంలో భార్యకే చెబుతాడు: మనమంతా ఒక ఆపిల్ తోట వంటివాళ్ళం, తోట బయట మరొక ఆపిల్ చెట్టు పూచినది, అదీ మనదేనని. ఆమె వింటుంది. ఏడవదు. నీవు సుఖంగా ఉంటే నాకూ సుఖమే అన్న ధోరణిలో మాట్లాడుతుంది. అతడు నిశ్చింతగా నిద్రపోతాడు. లేచి చూచేసరికి ఆమె పక్కన ఉండదు. వెదకగా వెదకగా కొలను గట్టున ఆమె శవం కనిపిస్తుంది. ఒక్క క్షణం మాత్రం, నీళ్ళలో మునుగుతూ కొమ్మకోసం చేయిచాచిన తెరేజ్ మనకు కనబడుతుంది. దూకిందా, జారిందా అన్న ప్రశ్నకు దర్శకురాలు జవాబు చెప్పదు. వేసవి గడుస్తుంది. ఎమిలీ ఆ ఇంటికి వస్తుంది. పిల్లలకు అన్నం పెడుతుంది, పడుకోబెడుతుంది. చివరి దృశ్యంలో, ఆకులు పండి రాలే అడవిలో, మళ్ళీ నలుగురూ చేతులు పట్టుకుని నడిచిపోతూ ఉంటారు.

అంతే. ఆకాశం ఉరమలేదు. అతడు తాగి పడిపోలేదు, పిచ్చివాడై ఊళ్ళు తిరగలేదు. కథ పొడుగునా పొద్దుతిరుగుడు పూల పసుపుదనం, ఎండ, పచ్చిక, వెనుక మోజార్టు సంగీతం. ఇంత వెలుగులో ఇంత ఘోరం జరిగినదని నమ్మడానికే నాకు కొంతసేపు పట్టింది.

మా ఇంటావిడ చిక్కుడుకాయలు తుంచుతూ సగం నుండి గుమ్మంలో కూర్చుండి చూచినది. తెర చీకటి కాగానే కాయల చేట ఎత్తుకుని లేస్తూ, “ఆ మొదటామె బట్టలు ఏం చేశారండీ?” అని ఒక్క ప్రశ్న అడిగి వంటింట్లోకి పోయింది. నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ ప్రశ్న ఎంత దూరం పోతుందో అప్పటికి నాకు తెలియదు.

నా మనసు నొచ్చుకున్న తీరును ముందు నేనే విచారించుకున్నాను. మనం చూచి పెరిగిన కథలలో పద్దు ఒకటి ఉంటుంది. దారి తప్పినవాడు ఆ పద్దు చెల్లించి తీరవలసినదే. కాళ్ళకూరి నారాయణరావుగారి ‘చింతామణి’లో బిల్వమంగళుడు సర్వమూ పోగొట్టుకుని గాని వివేకం తెచ్చుకోడు. 1953 నాటి ‘దేవదాసు’ ప్రియురాలి వాకిట ప్రాణం విడిచి గాని మన కన్నీటికి అర్హుడు కాలేదు. ఆ దేవదాసును సృష్టించిన శరత్ బాబు నవలలను తెలుగువారికి అలవాటు చేసిన చక్రపాణిగారు మా తెనాలివారే. ఆ కన్నీటిలో పెరిగిన నావంటివానికి, ఒకామె ప్రాణం పోయినా పద్దే లేని ఈ ఫ్రెంచి లెక్క ఎక్కకపోవడంలో వింత లేదు.

కాని, ఇద్దరు స్త్రీల మధ్య ఒక పురుషుని కథ మనకు కొత్తది కాదు గదా! నంది తిమ్మన ‘పారిజాతాపహరణం’ అదే గదా! ఒక్క పువ్వు రుక్మిణి తలలోకి పోయినందుకు సత్యభామ కోపగృహంలో పడుకున్నది. బతిమాలవచ్చిన జగన్నాథుని తలను కాలితో తన్నినది. ‘శ్రీకృష్ణ తులాభారం’ నాటకంలో ఆ సత్యభామను తెలుగు రంగస్థలం మీద బతికించిన స్థానం నరసింహారావుగారు 1902లో బాపట్లలో పుట్టి, తెనాలి శ్రీరామ విలాస సభలో వెలిగిన మహానటుడు. 1956లో పద్మశ్రీ అందుకున్నారు. పురుషుడై యుండి, చీరకట్టి, ఒక భార్య అలుకకు అంత గౌరవం తెచ్చారాయన. గురజాడవారి 1910 నాటి ‘దిద్దుబాటు’లో కమలిని మాత్రం తక్కువదా? వేశ్యల పాటకచేరీలకు మరిగిన మగనికి వెళ్ళిపోయానని జాబు వ్రాసిపెట్టి, అతడు కుళ్ళి కుళ్ళి ఏడ్చిన తరువాత మంచం కింద నుండి నవ్వినది. బాల్యం తెనాలితో ముడిపడిన చలంగారి ‘మైదానం’లో రాజేశ్వరి, 1927లోనే, తన దారి తాను చూచుకుని గడప దాటినది. అలిగినా, నవ్వినా, వెళ్ళిపోయినా, వీరందరికీ ఒక నోరున్నది. తెరేజ్‌కు కోపగృహం లేదు. నా మొదటి ఫిర్యాదు ఇది: వార్దా స్త్రీయై ఉండి, తన కథలోని భార్యకు ఒక్క కోపపు మాటైనా ఎందుకు ఇవ్వలేదు?

ఈ ఫిర్యాదు తీసుకునే బాపట్ల పోయాను. చిత్రాన్ని చూడవలసినదని నన్ను పట్టుబట్టిన పెద్దమనిషి అక్కడ ఉన్నారు. సాహిత్యం బోధించి విశ్రాంతి తీసుకున్న అధ్యాపకులు. చిన్ననాటి నుండి నన్ను ఎరిగినవారు. నిడుబ్రోలు, అప్పికట్ల దాటి రైలు బాపట్ల చేరేసరికి పదకొండయింది. భోజనాలైన తరువాత, ఎండ తగ్గినాక, ఇద్దరం సూర్యలంక తీరానికి పోయి ఇసుకలో కూర్చున్నాము.

“ఏమిటండీ మాస్టారూ, భార్య పోయి నాలుగు నెలలు తిరగకుండా ఆ మహానుభావుడు మళ్ళీ వనభోజనానికి బయలుదేరాడు! ఇదా ఆనందం?” అన్నాను.

“మీ కోపం ఫ్రాన్స్వా మీదనా, దర్శకురాలి మీదనా?”

“ఇద్దరిమీదా.”

“అక్కడే వచ్చింది చిక్కు. ఆమె మీ పక్షమే,” అని నవ్వి, ఆయన చెప్పసాగారు. “చేతులు చూచారా? మొదట తెరేజ్ చేతులు ఇంటిపనులు చేయడం విడివిడిగా చూపినది. తరువాత ఎమిలీ చేతులు అవే పనులు చేయడం చూపినది. చేతులు మారినవి, పని మారలేదు. ఇల్లు నడిచింది. ఇంతకంటె గట్టిగా అరవాలా ఆమె? లోపల పురుగున్న అందమైన వేసవి పండు వంటిదని తన చిత్రాన్ని గురించి తానే చెప్పుకున్నది. మీరు తీపిని చూచి కోపగించుకుంటున్నారు. పురుగును ఎవరు పెట్టారనుకున్నారు?”

ఆయన మరొక సంగతి కూడ గుర్తుచేశారు. ఫ్రాన్సులో వివాహిత స్త్రీ భర్త సమ్మతి లేకుండా సొంతంగా బ్యాంకులో ఖాతా తెరవడానికీ, ఉద్యోగం చేయడానికీ హక్కునిచ్చిన చట్టం 1965 జూలై 13న వచ్చినది. అంటే ఈ చిత్రం వచ్చిన ఏడే. స్వేచ్ఛకు పుట్టినిల్లని మనం అనుకొనే దేశంలో ఇల్లాలి పరిస్థితి అది. మన వైపు చూస్తే, మద్రాసు రాష్ట్రంలో హిందువులకు రెండో పెళ్ళిని నిషేధించిన చట్టం 1949లోనే వచ్చినది. 1955లో హిందూ వివాహ చట్టం దాన్ని దేశమంతటికీ చేసినది.

“అయితే మాత్రం,” అన్నారాయన, “భార్య ఉండగా మరొకామెను తేవడాన్ని చట్టం ఆపగలదు. ఒకామె ఖాళీచేసిన చోట మరొకామెను నిలబెట్టి, ఇల్లు చక్కగా నడుస్తున్నదని తృప్తిపడే మనసును ఏ చట్టం ఆపుతుంది?”

నేను సగం ఒప్పుకున్నాను. కాని నా రెండవ ఫిర్యాదు మిగిలే ఉన్నది. “అదంతా సరే. ఆ పిల్లల మాటేమిటి? కన్నతల్లి పోయిన కొద్దినాళ్ళకే కొత్తామె చేయి పట్టుకుని గంతులు వేస్తూ పోతారా? ఎక్కడైనా ఉన్నదా? అది మాత్రం అబద్ధం.”

మాస్టారు వెంటనే జవాబు చెప్పలేదు. కాసేపటికి, “తెరలో భార్యాభర్తలుగా వేసిన ద్రువో దంపతులు నిజంగా భార్యాభర్తలే. ఆ పిల్లలిద్దరూ వారి సొంత బిడ్డలే. అంటే, చివరి దృశ్యంలో పరాయి నటి చేయి పట్టుకున్న ఆ పసివాళ్ళకు తల్లి బతికే ఉన్నది. అందుకే గంతులు వేశారనుకోండి,” అన్నారు. మళ్ళీ ఆగి, నా ముఖం చూడకుండా, “ఆ విషయం నన్ను కాదు, రేపల్లెలో అడగండి,” అన్నారు.

ఆయనకు నా సంగతి తెలుసు. చిత్రం చూస్తున్నంతసేపూ నాకే గుర్తురాలేదు.

మరునాటి ఉదయం చెరుకుపల్లి మీదుగా బస్సులో రేపల్లె పోయాను. 2022లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు రేపల్లె బాపట్ల జిల్లాలోకి వచ్చినది, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయినది. మా అమ్మ ఇప్పుడు వేరే జిల్లా మనిషి అని మా పిల్లలు హాస్యమాడుతుంటారు. ఎనభైకి చేరువైనది. మా తమ్ముడి వద్ద ఉంటుంది.

అమ్మ అంటున్నాను గాని, ఆమె నన్ను కన్నతల్లి కాదు, కన్నతల్లికి చెల్లెలు. నాకు నాలుగేండ్లు, నా చెల్లెలికి ఏడాదిన్నర ఉన్నప్పుడు మా అమ్మ జ్వరంతో పోయింది. పిల్లలు పరాయిచేతుల్లో పడకూడదని మా తాతగారు, ఏడాది తిరక్కుండానే, తన రెండవ కూతురిని మా నాన్నగారికి ఇచ్చారు. ఆమెకు అప్పుడు పదిహేడేండ్లు. మా నాన్నగారు ఫ్రాన్స్వా కారు. ఏ ఆపిల్ చెట్టుకోసమూ చూచినవారు కారు. అందరూ చేసిన పనే చేశారు, అదీ పెద్దల మాటమీద. మా ఇల్లు చక్కగా నడిచింది. వార్దా తన చిత్రం తీసిన ఏడు నాకు ఏడేండ్లు. నేను ఈమె చేయి పట్టుకుని రేపల్లె వీధుల్లో గంతులు వేస్తూనే ఉండి ఉంటాను.

భోజనాల వేళ కథంతా ఆమెకు చెప్పాను. వడియాల పళ్ళెం నా వైపు జరిపి ఆమె శ్రద్ధగా విన్నది. చివరకు, “ఆ పిల్లలు కొత్తామెను ఏమని పిలిచార్రా?” అని అడిగింది.

నేను తెల్లబోయాను. పరిశీలనగా చూచానని గర్వపడుతున్న నాకు ఆ సంగతే తోచలేదు. మాట మార్చడానికి, మా ఇంటావిడ అడిగిన బట్టల ప్రశ్న చెప్పాను.

“ఏం చేస్తార్రా, పారేస్తారా? అక్క చీరలు ఏడాదిపాటు నేనే కట్టాను. మంచి చీరలు, పెట్టెలో పెట్టి ఏం లాభం అంది మా అమ్మ. నువ్వు మొదటి రోజుల్లో నా దగ్గరకు రాలేదు. ఒకనాడు అక్క నీలం చీర కడితే పరుగెత్తుకొచ్చి కొంగు పట్టుకుని ‘అమ్మా’ అన్నావు. నన్నన్నావో, చీరనన్నావో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.”

అన్నం ముద్ద నా చేతిలోనే ఉండిపోయింది. ఆమె మాత్రం నిబ్బరంగానే ఉన్నది. మెడలో గొలుసుకు చిన్న బంగారు బిళ్ళ ఒకటి వేలాడుతున్నది. చనిపోయిన మొదటి భార్య గుర్తుగా రెండవ భార్య మెడలో వేసుకునే ఆచారం కొన్ని కుటుంబాలలో ఉన్నది. అరవై ఏండ్లుగా ఆ బిళ్ళను నేను చూస్తూనే ఉన్నాను. అది మా అమ్మ అన్న ఆలోచన ఒక్కనాడూ రాలేదు.

“నీకు ఇష్టమేనా అని అప్పుడు ఎవరైనా అడిగారా అమ్మా?”

“అడిగే అలవాటు ఎక్కడుందిరా? అక్కనడిగారా, నన్నడుగుతారు! నేను చదువుకుంటానని ఏడ్చాను నాలుగు రోజులు. తరువాత మీ చెల్లెలికి దగ్గొచ్చింది. ఇంక ఏడవడానికి తీరిక ఎక్కడిది?” అని, కాసేపాగి, “ఆ రెండో పిల్లను మాత్రం తప్పుపట్టకు. ఆమె వచ్చి పిల్లలకు అన్నం పెట్టింది గదా. అది తప్పెలా అవుతుంది?” అన్నది.

సాయంకాలం రేపల్లెలో రైలెక్కి తెనాలికి తిరిగివచ్చాను. భట్టిప్రోలు దాటి, వేమూరు దాటి వస్తుండగా, ఈ చిత్రం గురించి నా అభిప్రాయం ఏమిటని నన్ను నేను ప్రశ్నించుకున్నాను. నేను అబద్ధమని కొట్టిపారవేసిన ఆ చివరి దృశ్యం నా బాల్యమే. ఆ సంగతిలో వార్దా గెలిచినది, నేను ఓడినాను. దూరదేశపు వడ్రంగిని తప్పుపట్టడానికి తెనాలి వసారాలో కూర్చున్నవాడు, తన ఇంటి గోడమీది పటాన్ని చూడలేకపోయాడు.

అయినప్పటికీ నా నొప్పి పూర్తిగా తగ్గలేదని చెప్పక తప్పదు. మా ఇంట పోయిన మనిషికి ఏటేటా తద్దినం జరిగింది. గోడమీద పటం ఉన్నది. ఆమె చెల్లెలి మెడలో బిళ్ళ ఉన్నది. ఆ గుర్తులు అన్యాయాన్ని మాపలేదు. పదిహేడేండ్ల పిల్ల చదువు పోనే పోయింది. కాని పోయినామె ఉండి పోయిందన్న సాక్ష్యం ఒకటి మిగిలినది. పండిన అడవిలో నడిచిపోయే ఆ నలుగురి మీద తెరేజ్ సాక్ష్యం ఎక్కడున్నది? ఆ లేమియే చిత్రం చేసిన ఆరోపణ అంటారు బాపట్ల మాస్టారు. ఆరోపణ చేయడానికైనా ఆమెకొక గొంతు ఇచ్చి ఉండవలసినదంటాను నేను. ఈ విషయంలో మా ఇద్దరికీ రాజీ కుదరలేదు. ఆయన తర్కానికి జవాబు లేదని నాకు తెలుసు. కొలనులో కొమ్మకోసం చాచిన ఆ చేయి నా కళ్ళముందు నుండి పోవడమూ లేదు. మెప్పూ, నొప్పీ రెండూ నిజమే. ఒకదానితో మరొకదాన్ని కొట్టివేయవలసిన పని లేదని ఇప్పుడు అనుకుంటున్నాను.

ఇంటికి చేరి, కాళ్ళు కడుక్కుని, బట్టల ప్రశ్నకు జవాబు దొరికిందని మా ఇంటావిడకు చెప్పాను. నీలం చీర సంగతి చెప్పాను. ఆమె వింటూ వింటూ చేతిలోని పని ఆపినది.

“అత్తయ్యగారు నాకెప్పుడో చెప్పారు, మన పెళ్ళయిన కొత్తలోనే,” అన్నది. “మీరు అడగడానికి మాత్రం ఫ్రెంచివాళ్ళు రావలసివచ్చింది.”